ముళ్లపట్టె తీసినంక

ఆ ఏడు ఎండలకు వాగంత ఎండి ఒక్క మడుగే మిగిలింది బిడ్డా. అడివి పందులు, గాడిదలు, గొర్లమంద, ఆఖరికి నక్క సుత ఆడనే తాగాలె. కొట్టుకొని సస్తరని మందకు పెద్దయిన పొట్టేలు పటేలు ఒక కట్టుబాటు పెట్టిండు. "పుట్టుక జూసి, రంగు జూసి ఎవర్నన్న కొడితే మళ్ల మడుగు మొకం సూడొద్దు. మామూలు కొట్లాటయితే ఒక్కపూట నీళ్లు బంద్."

ఆ కట్టుబాటుతోనే పందులు బతికినయ్. అంతకుముందు బురదమొకాలని అందరు తరిమేటోళ్లే.

గొర్లకు కావలి కర్రెన్న అనే కుక్క. తోడేలు గొంతు పట్టకుండ మెడకు ఇనుప ముళ్లపట్టె ఉండేది. వేసీ వేసీ మెడ సుట్టు బొచ్చు ఊడి నున్నగైంది.

ఒకనాడు కర్రెన్న వచ్చి అడిగిండు. "పటేలా, ఆ కట్టుబాటుల మా కావలోళ్లను గూడ కలుపు. నన్ను సూస్తే పందులు పండ్లు కొరుకుతున్నయ్. నేను వాళ్లకేం జెయ్యలే. కావలోడినని కోపం, అంతే."

నక్క ఇకిలించింది. "ఓరి నాయనా! కోరలున్నోనికి కాపలా ఎందుకురా? గాడిద తన గాడిదతనం ఇప్పి కొమ్మకు తగిలిస్తదా? నీదయితే పట్టె. తీస్తే పాయె!"

అందరు నవ్విండ్రు. గాడిద గూడ నవ్వింది.

"అదీ నిజమే," అన్నడు పటేలు. "సరె, నడిమిట్ల చెప్తున్న. పట్టె మెడలున్నంతసేపు నిన్ను కొడితే ఎప్పటికీ మడుగు బంద్. తీసినంక నువ్వు అందరసొంటోనివే."

"నీ తెలివికి దండం పటేలా," అన్నది నక్క.

కర్రెన్న తల్లి ఎర్రక్క మాత్రం ఊకోలే. "మడుగు కాడ గొర్రెపిల్లలకు గుచ్చుకుంటదని పట్టె తీసి వచ్చుడు మన మంద ఆచారమాయె. పందులు ఎదురయ్యేది ఆడనే గదా?"

ముసల్దానికి సణుగుడు ఎక్కువన్నరు.

మర్నాడు పగటీలి కర్రెన్న పట్టె తీసి పొదకు తగిలించి నీళ్లకు వంగిండు. గొర్రెపిల్లలన్ని వాని కాళ్ల నడుమ దూరి తాగుతున్నయ్. నక్క పోయి పందుల చెవుల ఊదింది. "మెడ ఖాళీ, సూడుండ్రి. ఇప్పుడు కొడితే ఒక్కపూట నీళ్ల దూపే."

"కావలోడా! ఓ కావలోడా!" అనుకుంట పందులు ఎగవడ్డయ్.

ఉరుకుదామంటే కాళ్ల కింద పిల్లలు. కర్రెన్న వాటి మీద అడ్డం పడ్డడు. గొర్లన్ని ఏంజేసినయంటవ్? పక్కకు జరిగినయ్. మనకెందుకని గాదు, మన ఉన్ని మీద బురద పడతదని.

పందులు పోయేసరికి కర్రెన్న పానం పోయింది.

పంచాయితీ కూసున్నది. "వాళ్లు ఏమని అరిసిన్రో మీ చెవులవడలేదా? కుక్కా అన్నరా? కావలోడా అన్నరు!" అన్నది ఎర్రక్క.

"మెడల పట్టె ఉండెనా పటేలా? నువ్వు చెప్పిన మాటేనాయె," అన్నది నక్క.

ఎర్రక్క కొడుకు మెడను మూతితోని తిప్పి సూపించింది, బొచ్చు లేని సుట్టు. "పట్టె తీసిండు పటేలా. మరి దీన్నేడ తీసి పెట్టాలె?"

నవ్విన గాడిద పొద ఎనకకు పోయింది. పటేలుకు తప్పు తెలిసింది, కని అన్న మాట ఎనకకు తీసుకుంటే పెద్దరికం పోతదని బుగులు. నేల సూసుకుంట, ఇనవడీ ఇనవడనట్టు అన్నడు: "ఒక్కపూట నీళ్లు బంద్."

పొద్దుగూకకముందే పందులు మళ్ల మడుగుల బొర్లినయ్.

తెల్లారి పటేలు ఆ పట్టె నోట కరుసుకొని ఎర్రక్క కాడికొచ్చిండు. "అక్కా, నీ చిన్నకొడుకును కావలికి పంపు. కట్టుబాటు మారుస్త."

"చేతులు కాలినంక ఆకులు తెచ్చినవా? మా చిన్నోని మెడకు బొచ్చున్నది పటేలా. ఉండనియ్." చిన్నోన్ని తీసుకొని గుట్ట దాటిపోయింది.

ఆ మాపటీలి నక్క దాసుకోకుండ, దర్జాగ నడుసుకుంట వచ్చింది. పటేలు సొంత పిల్లను మెడవట్టి ఎత్తుకున్నది. పటేలు ఎంటవడి గొంతు పగిలేటట్టు ఒర్లిండు:

"కర్రెన్నా!"

మందంతా ఆయన దిక్కు సూసింది. అప్పుడు యాదికొచ్చింది ఆయనకు. నోరు మూసుకొని నిలవడ్డడు.

కావలోన్ని కొడుతుంటే పక్కకు జరిగినోళ్లకు, ఆపదల వాని పేరు పిలిచే మొకం ఉండదు బిడ్డా.