పిడికిలి గౌరి వ్రత కథ

పీట మీద తోచినవారు తలా పిడికెడు బియ్యము వేయగా, దాని మీద పసుపు గౌరమ్మను నిలిపి, అక్షతలు కుడిచేత పట్టుకొని ఈ కథ వినవలెను. కథ ముగియువరకు పిడికిలి విప్పరాదు.

పూర్వము శాండిల్య మహర్షి ఆశ్రమమునకు మౌద్గల్యుడను ముని వచ్చి నమస్కరించి ఇట్లు అడిగెను. స్వామీ, కలియుగమున జనులు పొద్దు పొడిచినది మొదలు పొద్దు గుంకువరకు ఒకరి చూరు కింద పనిచేసి పొట్ట పోసికొందురు. వారికి యాగములు చేయ ధనము లేదు, తీర్థములు తిరుగ తీరిక లేదు. అట్టివారు పనిచేయు చోటనే నిలిచి చేయదగిన వ్రతమేదైన కలదా? దానిని ఎవరు చేసిరి, చేసి ఏమి పొందిరి?

శాండిల్యుడు సంతోషించి, నాయనా, లోకమునకు పనికివచ్చు మాట అడిగితివి, పిడికిలి గౌరి వ్రతమని యొకటి కలదు, చెప్పెద వినుమని ఇట్లు చెప్పసాగెను.

కృష్ణానది పాయ యొడ్డున నీలాలపాలెమను ఊరు కలదు. అందు కోటప్పశెట్టి యను వర్తకుడు నీలిరంగు అద్దకపుశాల నడుపుచుండెను. నేలలో పాతిన పెద్ద కుండలలో నీలిమందును, సున్నమును, తగిరిస గింజల ఉడుకునీటిని కలిపి పులియబెట్టుదురు. కుండ చక్కగా పులిసిననాడు పైన రాగివన్నె నురుగు కట్టును. అప్పుడు కుండ బతికినదందురు. అందు ముంచి తీసిన గుడ్డ మొదట లేత ఆకువలె ఉండి, గాలి సోకిన కొలది నీలమగును. కుండలు కలియబెట్టువారు, గుడ్డలు ముంచువారు, పాయలో ఉతికి ఆరవేయువారు, అందరి చేతులును మోచేతుల దాక నీలముగా ఉండెడివి. ఎంత తోమినను ఆ రంగు పోదు.

ఆ శాల వాకిట కోటప్పశెట్టి తల్లి ఒక మట్టికుండ నిలిపి, దానికి పసుపు రాసి, పిడికిలి గౌరి యని పేరుపెట్టి కొలిచెను. సాయంకాలము కూలి గింజలు కొంగున పోయించుకొన్న వారు ఇంటికి పోవుచు, తోచినవారు తోచినంత ఆ కుండలో తమ చేత్తో వేసి పోవుదురు. వేయనివారిని ఎవరును ఏమనరు. ఆ గింజలతో వీధి చివరి పాకలో గంజి కాచి, ఆ ఊర ఏ ఇల్లాలు ప్రసవించి మంచాన ఉన్నను, కులము గోత్రము అడుగక, ముందు మంచమెక్కిన దానికి ముందుగా పోసెడివారు. దానిని బాలింతల పాక యనిరి. నెలకొక శుక్రవారము ఆ పెద్దమ్మ వాకిట నిలిచి, గింజ వేసిన ప్రతివారిని పేరుపెట్టి పిలిచి, వారి చేయి తన చేతిలోనికి తీసికొని, అరచేత పసుపు రాసి, తాంబూలమిచ్చి, నీ చేతి గింజ ఒక తల్లిని లేపినది అని చెప్పెడిది. గంజి తాగిన వారి పేరు మాత్రము ఎన్నడును పైకి చెప్పలేదు.

పెద్దమ్మ కాలము చేసిన పిమ్మట ఆ పని కోడలు చెంచమాంబకు వచ్చెను. ఆమె కొంతకాలము చక్కగానే చేసెను. అంతలో ఆ సీమ నేలు దొర అటు పోవుచు పాకను చూచి, ఈ ధర్మమెవరిదని అడుగగా, పక్కనున్న వారు కోటప్పశెట్టిదని చెప్పిరి. దొర మెచ్చి శాలువ కప్పెను. ఆ శాలువతోనే కోటప్పశెట్టి మనసు మారెను. పనివారు ఒకనాడు నిండుగా వేయుదురు, ఒకనాడు వట్టిచేతులతో పోవుదురు, వీరిని నమ్మి ధర్మమెట్లు నడుచునని తలచి, కూలి కొలుచునప్పుడే తలకు పిడికెడు తీసివేసి గాదెలో పోయుమని ఆజ్ఞ ఇచ్చెను. పాక గుమ్మమున రాతిపలక నిలిపి దాని మీద తన పేరు చెక్కించెను.

చెంచమాంబకు ఇది తప్పని తోచకపోలేదు. అయినను పలక చూడగనే ఆ మాట మరచి, దాని కింద తన పేరును చెక్కించుమని మగని అడిగెను. మరియు పనివారి చేతులు పట్టినందున పట్టుచీరకు నీలిమరకలు అంటుచున్నవని లోలోపల విసిగియుండెను గనుక, ఆ శుక్రవారము తాంబూలములు తట్టలో పోసి గడప మీద పెట్టించి, వచ్చినవారు తలకొకటి తీసికొని పోవచ్చునని చెప్పించి, తాను లోపలనే కూర్చుండెను.

అందరును తీసికొని పోయిరి. గుడ్డలుతుకు పోలమ్మ యను విధవ మాత్రము పోక నిలిచెను. చెంచమాంబ తలుపు దగ్గరికి వచ్చి ఏమని అడిగెను.

"ఈ వేళ నా పేరు పిలవలేదేం అమ్మగారూ?"

"కొలతలోనే తీశాము గదా పోలమ్మా. నువ్వు ఇచ్చినట్టే."

"నేనిచ్చినట్టు నా చేతికి తెలియలేదమ్మగారూ" అని పోలమ్మ తాంబూలము తట్టలోనే ఉంచి వెళ్లిపోయెను.

గౌరీదేవి ఆ మాట విని ఆ వాకిలి విడిచెను. మరునాడు మొదటి కుండ నురుగు విరిగెను. నీరు బూడిదవన్నె తిరిగి కుళ్లువాసన కొట్టెను. సున్నము మార్చిరి, బెల్లము పోసిరి, కుండ లేవలేదు. ఒకదాని వెంట ఒకటిగా కుండలన్నియు చచ్చెను. అద్దిన గుడ్డలు మసిబట్టల వలె తేలగా వర్తకులు తిప్పి పంపిరి. గాదెలోని ధర్మపు గింజలు ముక్కిపోయి పురుగుపట్టెను. పాకలో పొయ్యి ఆరిపోయెను. కూలి లేక పనివారు చెదరిపోయి దొరికిన పనులు చేసికొనుచుండిరి. కోటప్పశెట్టి చెడిన గుడ్డలు బండికెత్తుకొని పడమటి సీమకు అమ్మబోయెను. పోయినవాని కబురు రాలేదు.

అదే సమయమున చెంచమాంబ ఒక్కగానొక్క కూతురు సోమమ్మ తొలికాన్పునకు పుట్టింట ఉండి ఆడపిల్లను కనెను. కనెనే గాని పాలు పడలేదు. మంత్రసాని చూచి, బాలింతకు పాతబియ్యపు గంజి కడుపునిండ పడవలెను, లేనియెడల పిల్ల దక్కదని చెప్పిపోయెను. ఇంట గింజ లేదు. ఇత్తడి సామాను మునుపే అమ్ముడుపోయినది. ఎవరినైన అడుగుటకు చెంచమాంబకు నోరు రాలేదు. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు సన్నగిలగా, పాకలో అడుగు బొడుగు గింజలైన దొరకునేమోయని తలచి, కొంగు తలపై కప్పుకొని బయలుదేరెను.

పాకలో ఆరిన పొయ్యి దగ్గర ఒక ముసలమ్మ ఖాళీ మట్టికుండ ఒడిలో పెట్టుకొని కూర్చుండి యుండెను.

"ఈ పాక ఎవరిది తల్లీ?"

"మాదే అవ్వా. రాతి మీద మా పేర్లున్నాయి."

"చదువు రానిదాన్ని. రాయి ఏమంటుందో నాకేం తెలుసు? ఆకలేస్తోంది. మీదే అంటివి గదా, కాస్త గంజి పొయ్యి."

చెంచమాంబ సిగ్గుపడి, గింజ లేదని చెప్పి, కూతురి సంగతి చెప్పి కంట నీరు పెట్టుకొనెను. ముసలమ్మ ఆమెను ఊరడింపక, ఇన్నాళ్లు ఇక్కడి గంజి ఎవరి చేతి గింజతో కాగినదో వారి పేర్లయినను చెప్పుము, విని కడుపు నింపుకొందునని అడిగెను. చెంచమాంబ పోలమ్మ యని మొదలుపెట్టెను. తరువాత కుండ కలియబెట్టు ఒంటికంటివాడు కన్నులకు కట్టెను గాని పేరు రాలేదు. ఉతుకుచు పాట పాడెడి పడుచు గొంతు చెవిలో వినబడెను గాని పేరు రాలేదు. అత్తగారు తడుముకొనక పిలిచిన పేర్లలో తనకు ఒక్కటే మిగిలినదని తెలిసి ఆమె నేల మీద కూలబడెను.

అప్పుడు ముసలమ్మ ఆ ఖాళీ కుండను ఆమె చేతికిచ్చెను.

"ఇల్లిల్లూ తిరుగు. ముందు పేరడుగు, తరవాత పిడికెడు అడుగు. ఎంత పెట్టారని చూడకు. పెట్టిన చెయ్యి పట్టుకో."

చెంచమాంబ కుండ చంక నెత్తుకొని, పసుపు కొంగున కట్టుకొని, పనివారి ఇండ్ల వెంట తిరిగెను. ఒంటికంటివాడు తన పేరు బుస్సయ్య యని చెప్పి, ఇన్నేండ్లు కుండ కలియబెట్టినాక ఇప్పటికి అడిగితిరా అని నవ్వి పిడికెడు నూకలు వేసెను. ఒక ఇంట తలుపు వేసికొనిరి. ఒక ఇంట ఏమియు లేకపోగా ఆ ఇల్లాలు వట్టి పిడికిలి కుండలో పెట్టి విప్పెను. చెంచమాంబ ఆ చేతికిని పసుపు రాసి నమస్కరించెను.

కడపట పోలమ్మ గుడిసె ముందు నిలిచెను. పోలమ్మ లోపలినుండియే చూచి, లేవక పలికెను.

"రాతి మీద పేరున్న తల్లులు మా గుమ్మంలో నిలబడితే ఎట్లా అమ్మగారూ? ఎండ తగులుతుందేమో."

"తగలనీ పోలమ్మా. నీ పేరొక్కటే నాకు అడగకుండా తెలుసు. అదీ నువ్వు ఆ రోజు నిలబడి అడిగావు గనక తెలుసు. నీ చేత్తో ఒక పిడికెడు పెట్టు. పురిటి మంచం మీద..."

"ఎవరో చెప్పొద్దు" అని పోలమ్మ ఆమె మాట ఆపెను. "ఎవరికోసమని మేమెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగి ఆ అలవాటు చెయ్యను."

అని లేచి తన దాకలోని పాతబియ్యము పిడికెడు తీసి కుండలో వేసెను. చెంచమాంబ ఆ నీలి చేతిని రెండు చేతులతో పట్టుకొని అరచేత పసుపు రాసెను. నీలి మీద పసుపు పడి ఆ అరచేయి కుండలోనుండి అప్పుడే తీసిన గుడ్డవలె, లేత ఆకువలె కనబడెను. నీ చేతి గింజ ఒక తల్లిని లేపునని చెంచమాంబ చెప్పెను. ఆమె చీర నిండ నీలిమరకలయ్యెను. ఆమె దులుపుకొనలేదు.

ఇద్దరును పాకకు వచ్చి పొయ్యి రాజేసిరి. ముసలమ్మ అక్కడ లేదు. గంజి కాగిన పిమ్మట చూడగా ఒక్కరికి చాలునంతయే ఉండెను. చెంచమాంబ గంజి దింపి ఇంటివైపు తిరుగగా పోలమ్మ మెల్లగా, కుమ్మరివీధిలో ఒక పరదేశి ఆడది మీ అమ్మాయి కంటె ముందే కనినదని, దానికి దిక్కు లేదని చెప్పెను. చెంచమాంబ నిలిచిపోయెను. ఇంటివైపు చూచెను. తన మనుమరాలి సన్నని ఏడుపు చెవిలో మెదలెను. ముందు మంచమెక్కిన దానికి ముందు అన్న అత్తగారి మాటయు అదే చెవిలో మెదలెను. ఆమె కన్నులు తుడుచుకొని, తల్లీ గౌరీ, నా బిడ్డ నీ ఒడిలో ఉన్నదని తలచి, కుమ్మరివీధికి నడిచి, ఆ పరదేశి తల తన తొడమీద పెట్టుకొని తన చేత్తో గంజి తాగించెను.

తాగించి లేచి చూడగా గంజికుండ మునుపటివలె నిండియుండెను. ఆమె వడివడిగా ఇంటికి పోగా ఏడుపు వినబడలేదు. తలుపు తోసెను. సోమమ్మ ఒడిలో పిల్ల పాలు తాగుచుండెను. గంజి పెదవి తాకకమునుపే పాలు పడినవి. సోమమ్మ తల్లిని చూచి, ఎవరో అవ్వ వచ్చి నీ పేరేమని అడిగి, నా చేయి పట్టుకొని పోయినదని చెప్పెను. చూడగా సోమమ్మ అరచేత పసుపు ఉండెను.

పిమ్మట పోలమ్మ తన చింకిగుడ్డల కొరకు ఇంట బతికించుకొన్న చిన్న నీలికుండలోని నీరు తెచ్చి చచ్చిన కుండలో పోసెను. బుస్సయ్య వచ్చి కలియబెట్టెను. రాగివన్నె నురుగు లేచెను. ఒక కుండనుండి ఒక కుండకు పోసి అన్నింటిని లేపిరి. పనివారు తిరిగి వచ్చిరి. చెంచమాంబ కొలతలో తీయుట మాన్పించి, శుక్రవారము వాకిట నిలిచి పేర్లు పిలిచెను.

అట్టి యొక శుక్రవారమే కోటప్పశెట్టి తిరిగి వచ్చెను. పడమటి సీమలో జ్వరపడి లేచి, ఎట్లో నాలుగు డబ్బులు చేసికొని, మేలైన నూలుగుడ్డలు బండినిండ తెచ్చెను. వాకిట భార్య పనివారి చేతులు పట్టుకొని నిలిచియుండుట చూచి మొగము చిట్లించి, కుండవైపు చూడక, పసుపు తీసికొనక లోపలికి పోయెను. బండి విప్పించి చూడగా గుడ్డలన్నియు తడిసి చివికి వాసన వేయుచుండెను. అతడు నెత్తి కొట్టుకొనుచు వాకిటికి వచ్చెను. చెంచమాంబ జరిగినదంతయు చెప్పెను. అతడు నేనేమి చేయవలెనని అడిగెను.

"అందరి వెనక నిలబడండి. మీ పేరు వచ్చినప్పుడు పిలిపిస్తాను" అని ఆమె చెప్పెను.

కోటప్పశెట్టి బుస్సయ్య వెనుక నిలిచి, తన వంతు రాగా తన చేత్తో పిడికెడు గింజలు వేసి చేయి చాచెను. చెంచమాంబ, భార్య మగని పేరు పలుకరాదు గనుక, పోలమ్మచేత పిలిపించి పసుపు రాసెను. బండిలోని గుడ్డలు మునుపటికంటె తెల్లగా నిలిచెను. అతడు పాక గుమ్మమున ఉన్న రాతిపలక పెరికించి, పేర్లు నేలకు తిప్పి, పాయ రేవులో ఉతుకుడుబండగా వేయించెను.

పోలమ్మ దాని మీద తడిగుడ్డ వేసి బాదుచు, "ఇన్నాళ్లకు ఈ రాయి కూడా పనిలోకి వచ్చింది" అనెను. అందరును నవ్విరి. కోటప్పశెట్టియు నవ్వెను.

మౌద్గల్యా, ఈ వ్రతమును నలుగురు ఒక చూరు కింద పనిచేయు ప్రతిచోట చేయవచ్చును. మగ్గములు నేయువారు, దుకాణములలో నిలుచువారు, కొలువులలో రాయువారు, యంత్రములు తిప్పువారు, వారి యజమానులు అందరును చేయవచ్చును. విధవలు చేయవచ్చును, బాలింతలు వినవచ్చును. ఇచ్చునది తమ చేతి మీదుగా ఇవ్వవలెను. ఎంతయని అడుగరాదు. ఇవ్వనివానిని వేరుగా చూడరాదు. ఇచ్చినవానిని పేరుపెట్టి పిలిచి చేయి పట్టుకొనవలెను. పుచ్చుకొన్నవారి పేరు దాచవలెను. ఇట్లు చేసిన చోట పని చెడదు, పొయ్యి ఆరదు, పిల్లలకు పాలు కొరవడవు, దూరము పోయినవారు వాకిలి చేరుదురు. పిడికెడు లేనివారు వట్టి పిడికిలి విప్పినను గౌరీదేవి దానిని నిండుగానే అందుకొనునని శాండిల్యుడు చెప్పగా మౌద్గల్యుడు విని లోకమున చెప్పెను.

ఇప్పుడు కథ చదివినవారు, ఇక్కడ కూర్చున్న వారిలో పిడికెడు వేసినవారిని ఒక్కొక్కరిని పేరుపెట్టి పిలువవలెను. తెలియని పేరును అడిగి తెలిసికొని పిలువవలెను. తమ పేరు తాము పిలుచుకొనక వేరొకరిచేత పిలిపించుకొనవలెను. అందరి పేర్లు అయిన పిమ్మట పిడికిళ్లు విప్పి అక్షతలు అమ్మవారి మీద వేయవలెను.