బుచ్చవ్వ మునుం

ఈ కత నాకు మొదట చెప్పింది మా మేనత్త దుర్గవ్వ. ఆ తర్వాత నలుగురు నాలుగు తీర్ల చెప్పిండ్రు. అవన్నీ తప్పు. మా మేనత్త బుచ్చవ్వ పక్కన నిలబడి కోసిన మనిషి. ఆమె చెప్పిందే చెప్తున్న. ఊ కొట్టేటోళ్ళు ఊ కొట్టండి, నడుమ అడ్డం రావద్దు.

ఎన్ని వానల కిందటి మాటనో. దవఖానకు పోవాలంటే కోడి కూయక ముందే లేచి నడవాల్సిన కాలం. ఒక ఊళ్ళె బుచ్చవ్వ అని ఒక మనిషి ఉండేది. భూమి లేదు. బర్రె లేదు. మగడు లేడు. ఉన్నది ఒక్క కొడవలి. తనతోని కలిపి పదకొండుమంది ఆడోళ్ళ కైకిలి జట్టుకు, అంటే కూలిపని జట్టుకు, ఆమె పెద్ద.

కోతకు దిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క పట్టె పట్టుకొని ముందుకు పోతరు. ఆ పట్టెనే మునుం అంటరు. మునుం కోసినోళ్ళకు మానెడు జొన్నలు కూలి.

జట్టుల చిన్నది లింగవ్వ. చంకల బిడ్డ. ఆమెకు దగ్గు పట్టింది. దగ్గితే నెత్తురు పడ్డది. క్షయ అన్నరు. చదువుకున్నోళ్ళు దాన్ని రాజరోగం అంటరట. రాజులకు వచ్చింది నేను చూడలేదు. ఒక్క అర్రల ఆరుగురు పండుకునే ఇంట్ల చూసిన. పొయ్యి రాజని ఇంట్ల చూసిన.

దవఖానల మందు ఉత్తగనే, పైస తీసుకోకుంట ఇచ్చిండ్రు. ఏడాదిన్నర మింగాలె, పని చెయ్యొద్దు, మంచిగ తినాలె అన్నడు డాక్టరు. లింగవ్వ నెల రోజులు మింగింది. దగ్గు తగ్గింది. తగ్గింది గదా అని మందు విడిచి కొడవలి పట్టింది. దగ్గు మళ్ళ వచ్చింది. మళ్ళ మందు, మళ్ళ తగ్గుడు, మళ్ళ కొడవలి. దగ్గు మళ్ళ వచ్చింది. మూడోసారి లేవలేకపోతే బుచ్చవ్వ దవఖానకు తోలుకపోయింది.

డాక్టరు కోపం చేసిండు. "రెండుసార్లు నడుమల విడిచినవ్. ఈసారి విడిస్తే నా దగ్గర ఇంకో మందు లేదు. నీ బిడ్డకు తల్లి ఉండదు."

"మందు ఉత్తగిస్తున్నవు సారూ. ఖాళీ కడుపుల పడితే అది మంట పుట్టిస్తాంది. బువ్వ ఎవలిస్తరు?" అన్నది లింగవ్వ.

డాక్టరు మళ్ళ మందు చేతుల పెట్టిండు. ఆ మాట బుచ్చవ్వ చెవుల పడ్డది.

తెల్లారి పటేలు జొన్నచేను కోత. పదిమంది దిగిండ్రు. గట్టు పక్కన ఒక మునుం విడిచిపెట్టింది బుచ్చవ్వ. "అది లింగవ్వది. మనవి అయినంక అందరం తలా కొంత కోద్దాం."

జట్టుల సత్తెవ్వ మూతి తిప్పింది. "నా నడుమే లేస్తలేదు. దాని మునుం గూడనా?"

"నీ నోరు ఆడినంత నీ చెయ్యి ఆడితే రెండు మునుములు కోస్తవే సత్తీ," అన్నది బుచ్చవ్వ.

అందరు నవ్విండ్రు. సత్తెవ్వ సణుక్కుంటనే వంగింది.

కూలి కొలిచేటప్పుడు పటేలు అడిగిండు. "గట్టు పక్క మునుం ఎవలిది?"

"లింగవ్వది," అన్నది బుచ్చవ్వ.

"రాని మనిషికి కూలేంది?"

"మనిషిని చూడకు పటేలా, మునుం చూడు. ఒక్క కంకి నిలబడి ఉంటే ఇయ్యకు."

"ఇయ్యకుంటే?"

"రేపు మేం ఇంటికాడ ఉంటం. నీ చేను పిట్టలు కోస్తయి."

పటేలు ఆ మునుం ఈ కొస నుంచి ఆ కొస దాక తిరిగిండు. ఒక్క కంకి దొరకలేదు. మానెడు కొలిచిండు.

ఆ జొన్నలు లింగవ్వ ఇంటికి పోయినయి. కడుపుల బువ్వ పడ్డది. బువ్వ మీద మందు నిలిచింది. ఎవరి చేనుకు పోయినా జట్టు గట్లనే చేసింది.

వానకాలం కలుపు తీసేటప్పుడు పటేలు మళ్ళ అడిగిండు. "ఆ మునుం ఎవలిది?"

"లింగవ్వది. మనిషిని చూడకు పటేలా, మునుం చూడు."

మళ్ళ తిరిగిండు. ఒక్క గడ్డిపోస దొరకలేదు. మానెడు కొలిచిండు.

ఏడాదిన్నర నిండింది. డాక్టరు లింగవ్వ వీపు మీద గొట్టం పెట్టి విన్నడు. ఇంకోసారి విన్నడు. "పో బిడ్డా, ఇగ నా దగ్గరికి రాకు," అని నవ్విండు. ఇంటికి వచ్చే తొవ్వ పొడుగూత బుచ్చవ్వ ఏడ్చిందట. ఎందుకే అంటే, ఇన్ని దినాలు తీరిక దొరకలేదన్నదట.

మళ్ళ కోతలప్పుడు మూడోసారి పటేలు వచ్చిండు. చూడకుంటనే అడిగిండు. "ఆ మునుం ఎవలిది?"

"నాదే పటేలా," అన్నది లింగవ్వ, కోసినదాన్ని పన కట్టుకుంట. "ఇప్పుడు మనిషిని గూడ చూడు."

బుచ్చవ్వ ముసలిదై, ఒకనాడు నిద్రలనే పోయింది. ఆ ఏడు కోతల గట్టు పక్కన మునుం విడిచింది లింగవ్వనే. ఇప్పటికీ మా దిక్కు ఆ మునుమును బుచ్చవ్వ మునుం అంటరు. ఊళ్ళె ఎవరు దగ్గు మందు మింగుతుంటే వాళ్ళ ఇంటికి ఆ మునుం కూలి గింజలు పోతయి. మందు నిండినోళ్ళు పనికి వస్తే మొదలు కొడవలి పెట్టేది ఆ మునుంలనే. కోత మిషను వచ్చినా, ఆ ఒక్క పట్టె విడువు నాయనా అని డ్రైవరుకు చెప్తరు.

ఇగ ఒక్క మాట. పటేలు మనుమలు ఊరి నడుమ బండ పాతిచ్చిండ్రు. "దయతో రోగులకు గింజలు ఇచ్చిన పటేలు" అని చెక్కిచ్చిండ్రు. నేను కూడబలుక్కొని చదివిన. ఒక్క కంకి కోసం చేనంతా తిరిగినోనిది దయనా? అక్షరం వచ్చినోళ్ళు, ఉలి పట్టవచ్చినోళ్ళు ఎవరన్న ఉంటే ఆ రాత చెక్కేసి బుచ్చవ్వ పేరు పెట్టండి. కింద జట్టు పేర్లన్నీ పెట్టండి. సత్తెవ్వ పేరు మరువకండి. సణిగినా కోసింది.