ఇంటిపేర్లు లేని జాబితా

ఎవాల్డ్ లోరెంజ్‌కి ఒక పేరు గుర్తు రాలేదు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన రోజూ తెల్లవారగానే ఎనభై ఏడు పేర్లు చెప్పుకునేవాడు. క్రీట్ ద్వీపం మీద ఒక మే నెల పొద్దున విమానాల్లోంచి దూకి, మధ్యాహ్నానికి చనిపోయిన తన సైనికుల పేర్లవి. ఏ విమానంలో ఎవరి వెనక ఎవరు దూకారో, ఆ వరసలోనే చెప్పుకునేవాడు. ఆ రోజు నాలుగో విమానంలో ఏడో మనిషి దగ్గర ఆగిపోయాడు. ఆరోవాడు గుర్తున్నాడు. ఎనిమిదోవాడు గుర్తున్నాడు. మధ్యలో ఖాళీ.

మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. బావి దగ్గర మొహం కడుక్కుని వచ్చి ఇంకోసారి మొదలుపెట్టాడు. ఈసారి ఎనిమిదోవాడు కూడా వెంటనే రాలేదు.

ఒకప్పుడు ఆయన జర్మన్ సైన్యంలో పారాచూట్ దళానికి కమాండర్. ఆ దళంలో ఎవరి పారాచూట్ వాళ్ళే మడుచుకోవాలి. కమాండర్ అందరికంటే ముందు దూకాలి. ఎవాల్డ్ ఎప్పుడూ ముందే దూకాడు. పారాచూట్ తాడు వీపుకి కట్టి ఉండేది, దూకినవాడు గాలిలో వెనక్కి తిరిగి చూడలేడు. ఆకాశంలో ఆయనకి తన మనుషులెవరూ ఎప్పుడూ కనిపించలేదు.

క్రీట్ తర్వాత రష్యా మంచులో, ఇటలీ కొండల్లో యుద్ధం చేశాడు. హోదా పెరిగింది, పతకాలు వచ్చాయి. చివరికి మూడేళ్ళు ఇంగ్లీషువాళ్ళ ఖైదులో ఉన్నాడు. విడుదలై వెళ్ళేసరికి భార్య వేరే కాపురం పెట్టుకుంది. హాంబర్గ్ రేవులో ఒక గోదాముకి కాపలా కాసి అరవై దాటాడు. పతకాలు ఏమయ్యాయో తెలియదు. పేర్లు మిగిలాయి. వాటిని పట్టుకుని, వాటి సొంతదారులు పడిపోయిన ఈ కొండకే వచ్చి, ఇక్కడి మఠంలో చేరాడు.

చేరేముందు గురువుకి ఒక సంగతి దాచకుండా చెప్పాడు. ఆ మే నెలలో కింద ఊరివాళ్ళు కర్రలతో, కొడవళ్ళతో తన సైనికులను కొట్టి చంపారు. రెండు వారాల తర్వాత బదులు తీర్చుకోమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. దాని ప్రకారం రాసిన కాగితం కింద సంతకం పెట్టింది తనే. ఆ కాగితంలో పేర్లు లేవు. ఇరవై మంది మగవాళ్ళను కాల్చాలి అని ఉంది, అంతే.

ఆ మఠంలో గురువుని యెరొండా అని పిలుస్తారు. పెద్దాయనా అని దాని అర్థం. ఆయన పేరు పకోమియోస్. ఎవాల్డ్ చెప్పిందంతా విని, బావి అవతల గది ఖాళీగా ఉంది, పడుకోమన్నాడు. ఆరు నెలలు ఊరివాళ్ళు మఠానికి చుక్క నూనె కూడా తేలేదు. తర్వాత ఒక్కరొక్కరే రావడం మొదలుపెట్టారు గానీ ఎవాల్డ్‌తో ఎవరూ మాట్లాడలేదు. నాలుగేళ్ళలో ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. తోటి సన్యాసులు కూడా, జర్మనాయన, అనేవారు.

ఆ ఏడో మనిషి రెండు రోజులైనా తిరిగి రాలేదు. ఎవాల్డ్‌కి భయం పట్టుకుంది. రేపు ఇంకొకడు పోతాడు, ఎల్లుండి మరొకడు. తను తప్ప వాళ్ళను తలుచుకునే మనిషి ఈ లోకంలో ఉన్నాడో లేడో. కూర్చుని, గుర్తున్నంతవరకు నాలుగు కాగితాల మీద రాశాడు. నిటారు అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు, ఒక్కచోట మాత్రం ఖాళీ. అవి తీసుకుని గురువు దగ్గరికి వెళ్ళాడు.

పకోమియోస్ ఎండలో అరుగు మీద కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుతున్నాడు.

వచ్చే శనివారం చనిపోయినవాళ్ళను తలుచుకునే రోజు. ఊళ్ళో ప్రతి ఇంటివాళ్ళూ తమ పోయినవాళ్ళ పేర్లు చీటీ మీద రాసి పంపిస్తారు, గుడిలో వాటిని పైకి చదువుతారు. తన వాళ్ళ పేర్లు కూడా చదవమని ఎవాల్డ్ అడిగాడు. తన జ్ఞాపకశక్తి పోతోందని, ఒక్కసారి దేవుడి ముందు చదివితే ఇక తను మరిచిపోయినా ఫరవాలేదని చెప్పాడు.

గురువు మొదటి కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు.

“కార్పొరల్ వైడ్నర్,” అని చదివాడు. “బాప్తిస్మంలో ఇతనికి కార్పొరల్ అని పెట్టారా?”

“అది హోదా, యెరొండా.”

“వైడ్నర్?”

“ఇంటిపేరు.”

“ఇంటిపేరు పెట్టి పిలిస్తే ఇంటిల్లిపాదీ లేచి వస్తారు నాయనా. ఈ పిల్లాడి పేరేమిటి?”

అది ఎవాల్డ్‌కి తెలియదు. సైన్యంలో హోదా, ఇంటిపేరు. అంతకు మించి ఎవరూ ఎవరినీ పిలవరు. తల్లిదండ్రులకు వెళ్ళిన సంతాప ఉత్తరాల్లో కూడా పేర్లు గుమాస్తా పూరించేవాడు, ఈయన సంతకం చేసేవాడు.

గురువు పెన్సిలు ఇచ్చాడు. తెలిసినవి పక్కన రాయమన్నాడు. ఎవాల్డ్ ఒక్కొక్కటే రాశాడు. ఒకడు ఓటో, ఎందుకంటే దళంలో ఇద్దరు ముల్లర్‌లు ఉండేవాళ్ళు, తేడా తెలియడానికి అతన్ని పేరుతో పిలిచేవాళ్ళు. ఇంకొకడు రూడీ, తన మౌత్ ఆర్గాన్ మీద ఆ పేరు చెక్కుకున్నాడు. అలా లెక్కపెడితే తొమ్మిది తేలాయి.

“వీళ్ళ గురించి నాకు అన్నీ తెలుసు, యెరొండా,” అన్నాడు. ఎవరి బూటు సైజు ఎంతో, ఎవరికి ఎత్తంటే కడుపులో తిప్పేదో, ఎవరు తలుపు దగ్గర కళ్ళు మూసుకునేవాడో చెప్పాడు. చెప్పేకొద్దీ గొంతు తగ్గిపోయింది.

గురువు విన్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి ఒక బుట్ట తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు. నిండా ఊరివాళ్ళ చీటీలు.

“శనివారం ఇవి నువ్వు చదువు. నాకు చూపు ఆనడం లేదు.”

చెప్పి, మళ్ళీ పప్పు ముందు కూర్చుని, ఆవగింజంత రాయి ఒకటి తీసి అవతల పారేశాడు.

శనివారం పొద్దున గుడి నిండిపోయింది. నల్లబట్టల ఆడవాళ్ళు ఉడకబెట్టిన గోధుమల పళ్ళాలు తెచ్చి, ఒక్కోదాంట్లో ఒక్కో కొవ్వొత్తి గుచ్చారు. చదవడానికి ఎవాల్డ్ ముందుకొచ్చేసరికి కొంచెం గుసగుసలు పుట్టాయి. ఒక ముసలాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. గురువు పక్కనే నిలబడి ఉండటంతో తక్కినవాళ్ళు కదల్లేదు.

ఎవాల్డ్ చదివాడు. మనుసోస్. స్త్రాటిస్. యాన్నిస్. రెండో చీటీ తీశాడు. మనుసోస్. మిఖాలిస్. మూడోదాంట్లో మళ్ళీ స్త్రాటిస్. ఒకే మనిషిని తల్లి ఒక చీటీలో, పెళ్ళాం ఒక చీటీలో, చెల్లెలు ఇంకొకదాంట్లో రాసి ఉంటారని ఆయనకు తట్టింది. ఎక్కడో ఏడో చీటీ దగ్గర, తను చదువుతున్నది ఆ ఇరవై మంది పేర్లని అర్థమైంది. ఎవరూ ఆయన వైపు చూడటం లేదు. అందరూ కొవ్వొత్తుల వైపు చూస్తున్నారు. చదువుతూనే ఉన్నాడు.

చివరి చీటీ వంకర అక్షరాలతో ఉంది. “మనుసోస్. లెఫ్తేరిస్.” తర్వాతిది జర్మన్ పేరు. అది చూసి ఆగిపోయాడు.

ముందు వరసలో ఆర్గిరో ఉంది. ఆ ఇరవై మందిలో ఆమె భర్త ఒకడు. నాలుగేళ్ళుగా ఎవాల్డ్ ఎదురైతే దారి మార్చుకుని వెళ్ళే మనిషి.

“చదవవేమయ్యా?” అంది. “నా రాత అంత పాడుగా ఉందా?”

“హెల్ముట్,” అని చదివాడు ఎవాల్డ్.

పూజ అయ్యాక ఆడవాళ్ళు ముంగిట్లో గోధుమలు పొట్లాలు కట్టి పంచుతున్నారు. ఎవాల్డ్ ఆర్గిరో దగ్గరికి వెళ్ళి, దూరంగా నిలబడి, ఆ చివరి పేరు గురించి అడిగాడు. ఆమె పొట్లాలు కట్టడం మానకుండానే చెప్పింది. ఆ మే నెల పొద్దున తమ ఆలివ్ చెట్ల మధ్య పారాచూట్‌తో ఒకడు పడ్డాడు. కాలు విరిగింది. విమానంలోంచి విడిగా వదిలిన తుపాకుల పెట్టె ఎక్కడో అవతల పడింది. ఇంట్లో మగవాళ్ళు పోరాటానికి పోయారు. నీళ్ళని సైగ చేస్తే తెచ్చి తాగించింది. రొమ్ము మీద చెయ్యి వేసుకుని పేరు చెప్పాడు. తనూ చెప్పింది. మధ్యాహ్నానికి పోయాడు. ఈ సంగతి మామగారికి చెప్పలేదు, చెబితే ఇంట్లోంచి గెంటేసేవాడు. చీటీలో మాత్రం ఏటా రాస్తోంది, ఆ ఒక్క పేరు గురువు పైకి వినపడకుండా చదివేవాడు.

“హెల్ముట్... ఇంటిపేరు?” అన్నాడు ఎవాల్డ్.

ఆమె చేతులు అప్పుడు ఆగాయి.

“చచ్చిపోయేవాణ్ణి ఇంటిపేరు అడుగుతారటయ్యా ఎవరైనా?”

ఆయన దగ్గర ఎనభై ఆరు ఇంటిపేర్లున్నాయి. ఆమె దగ్గర ఒక పేరుంది. ఏ విమానంలో, ఎన్నో మనిషి హెల్ముట్? మనసులో వరస మొదలుపెట్టి, మధ్యలో వదిలేశాడు. ఎవరైనా కావచ్చు.

“నీ పేరేమిటి?” అంది ఆర్గిరో.

సెల్యూట్‌కి నిలబడినట్టు మడమలు వాటంతటవే దగ్గరికొచ్చాయి. “లోరెంజ్.”

“అది కాదు.”

“ఎవాల్డ్.”

ఆ మాట తన నోటితో అని ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలియలేదు. ఆర్గిరో దాన్ని రెండుసార్లు పలికి చూసింది. రెండుసార్లూ తప్పే. అప్పటికి గురువు గోధుమలు నములుతూ అటు వచ్చాడు.

“కష్టమైన పేరు, యెరొండా. ఇంటికి చేరేలోపే మరిచిపోతాను,” అంది ఆర్గిరో.

“మరిచిపోతే మళ్ళీ అడుగు తల్లీ,” అన్నాడు పకోమియోస్.

ఆమె ఒక పొట్లం తీసి, ఎవాల్డ్ చేతిలో పెట్టలేదు, ఆయన పక్కన గోడ మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం ఎవాల్డ్ తెల్లకాగితం ముందు కూర్చున్నాడు. ఆ తల్లుల్లో ఎవరు బతికున్నారో తెలియదు. వాళ్ళ ఊళ్ళు కొన్ని ఇప్పుడు ఏ దేశంలో ఉన్నాయో కూడా తెలియదు. వైడ్నర్ వాళ్ళ వీధి పేరు గుర్తున్నంతవరకు కవరు మీద రాసి, ఉత్తరం మొదలుపెట్టాడు.

“అమ్మా, మీ అబ్బాయి రెండేళ్ళు నా కింద పనిచేశాడు. మీరు అతన్ని ఏమని పిలిచేవారు?”