నూకాలు నీలం

అప్పుడెప్పుడో, ఓడలకి ఇంకా గుడ్డ రెక్కలే ఉన్న రోజుల్లో, ఏరు సముద్రంలో కలిసేచోట ఒక రేవూరు ఉండేది. ఆ ఊళ్ళో ఒక ధర్మాసుపత్రి ఉండేది. దానికి ఒకటే గుమ్మం. రోగి ఆ గుమ్మంలోంచే వెళ్ళేవాడు, గంజికుండ ఆ గుమ్మంలోంచే వెళ్ళేది, పీనుగ ఆ గుమ్మంలోంచే వచ్చేది.

ఆ ఆసుపత్రి గుడ్డలు ఉతికేది చాకలి నూకాలు. అంతకుముందు ఉతికింది వాళ్ళమ్మ. నూకాలు చిన్నపిల్లగా ఉండగా ఎర్రకళ్ళ జ్వరం వచ్చింది. ఆ గుడ్డలు ఉతికి తల్లి పోయింది, తల్లిని ఎత్తుకెళ్ళి తండ్రి పోయాడు, తండ్రికి నీళ్ళు పోసి మేనత్త పోయింది. ఆసుపత్రిలో ఎందరు పోయారో ఊరంతా చెప్పుకుంది. చాకలిపేటలో ఎందరు పోయారో ఎవరూ చెప్పుకోలేదు. నూకాలు మాత్రం మరిచిపోలేదు.

ఒక ఏడు ఓడవాళ్ళు కొత్త కబురు మోసుకొచ్చారు. దక్షిణాన మూడు రేవుల్లో కొత్త జ్వరం పుట్టిందట. దానికి పేరు లేదట. మందు లేదట. రోగికన్నా ముందు రోగికి నీళ్ళు తాగించినవాళ్ళు పోతున్నారట.

ఊరి పెత్తనం చేసే దివాను ఆసుపత్రి వాకిట్లో నిలబడి హుకుం ఇచ్చాడు. "ఆ జ్వరం మన రేవుకి వచ్చిందంటే ఈ గుమ్మానికి ముళ్ళకంప కొట్టండి. ఒక్కణ్ణీ లోపలికి రానివ్వకండి."

చంకన మాసిన మూటతో నూకాలు అక్కడే ఉంది. "రోగం లేనప్పుడు తెరిచి, రోగమొచ్చినప్పుడు మూసేదాన్ని ఆసుపత్రి అంటారేటి బాబూ? సత్రం అంటారు."

"మురికిగుడ్డలు ఉతుక్కునేదానివి, నీకెందుకే?"

"మీ మురికి నాకు తెలిసినంత మీకు తెలీదు గనక."

దివాను మొహం గంటు పెట్టుకున్నాడు. నూకాలు ఆగలేదు. "నాకు మూడే కావాల. వెనకగోడకి ఇంకో గుమ్మం కావాల. రెండు గుమ్మాల నడుమ నా భట్టీ కావాల. జ్వరం రాకముందే వచ్చినట్టు పని చేసి చూడాల."

ఇదేమీ వింత కాదు. చాకలివాళ్ళ పని తీరే అది. మాసిన మూట ఒక దిక్కునుంచి వస్తుంది. భట్టీలో ఉడుకుతుంది. తెల్లబడ్డ గుడ్డ ఇంకో దిక్కునుంచి పోతుంది. తెల్లగుడ్డ పట్టుకుని మాసినమూట పక్కనుంచి నడిస్తే పేటలో ముసలమ్మలు వీపు మోత మోగిస్తారు. గుడ్డకున్న మర్యాద మనిషికి లేదా అని నూకాలు గోల.

పెద్ద వైద్యులు వరదాచార్యులు నవ్వారు. మంచివారే, చదువుకున్నవారే. నశ్యం అలవాటొక్కటే లోటు. "ముప్పై ఏళ్ళుగా రోగుల నాడి పడుతున్నాను. నాకు జాగ్రత్తలు నేర్పుతావా నూకాలూ?"

"అయితే ఒక్కసారి నా నాడి పట్టండి బాబూ."

నూకాలు ఒళ్ళంతా నీలిమందు పూసుకుంది. గుడ్డలకి పెట్టే ఆ నీలమే. మంచమెక్కి పడుకుంది. "ఈ నీలమే జ్వరం అనుకోండి. నాకు గంజి తాగించండి, పక్క మార్చండి. పైగుడ్డలు విప్పి, చేతులు కడుక్కుని, వాకిట్లో నిలబడండి. ఒంటిమీద చుక్క కనబడిందా, చచ్చినట్టే. నీలానికి మొహమాటం లేదు."

మొదట సేవకురాలు బంగారి వెళ్ళింది. గంజి తాగించింది, పక్క మార్చింది, విప్పింది, కడిగింది, వచ్చింది. మోచేతి కింద నీలం.

"చచ్చావే బంగారీ," అంది నూకాలు.

రెండోసారి ఆచార్యులు వెళ్ళారు. మైనపుగుడ్డ తొడుగు, మూతిగుడ్డ, తలగుడ్డ, చేతిసంచులు అన్నీ వేసుకున్నారు. గంజి తాగించారు, పక్క మార్చారు, విప్పారు, కడిగారు, దర్జాగా వచ్చి నిలబడ్డారు. వాకిట్లో జనం గొల్లుమన్నారు. పెద్ద వైద్యులవారి ముక్కు నీలంగా ఉంది. పక్క మారుస్తూ, అలవాటు కొద్దీ మూతిగుడ్డ దించి, ఒక పట్టు నశ్యం పీల్చారన్నమాట.

నూకాలు నవ్వలేదు. "ఇప్పుడింటికెళ్ళి మనవరాల్ని ముద్దాడతారు. ఆ పిల్లా చచ్చింది."

ఆచార్యులకి రోషం వచ్చింది. "అయితే నువ్వు చేసి చూపించు!"

మూడోసారి నూకాలు తన ఒంటి నీలమంతా కడిగేసుకుని వెళ్ళింది. నీలం పూసుకుని బంగారి పడుకుంది. నూకాలు గంజి తాగించింది, పక్క మార్చింది, విప్పింది, కడిగింది, గెడ్డం పైకెత్తి వచ్చింది.

ఆచార్యులు చుట్టూ తిరిగి చూశారు. మెడ దగ్గర ఆగారు. అక్కడ అడ్డంగా నీలిచార. లోపల ఉక్కకి కొంగుతో చెమట తుడుచుకుందన్నమాట.

నూకాలు కొంగుకేసి చాలాసేపు చూసింది. "మాయమ్మా ఇలాగే తుడుచుకునేది," అంది. అప్పుడు తలెత్తి, ఊరంతా వినేలా అరిచింది. "నేనూ చచ్చాను! విన్నారా? చెప్పినదాన్నే చచ్చాను! మనిషికి తన వీపు తనకి కనబడదు. ఒకరు విప్పుకుంటుంటే ఒకరు చూడాల. చూసేది పాకీమనిషైనా సరే, ఆగు అంటే వైద్యుడు ఆగాల."

ఆచార్యులు నశ్యం డబ్బా తీసి గోడవతల పారేశారు. పెరట్లోకి వెళ్ళి గడ్డపార తెచ్చారు. "గోడ ఎక్కడ పగలగొట్టాలో చూపించు," అన్నారు.

"దివానుగారి హుకుం కావద్దా బాబూ?"

"గోడ కూలాక అడుగుదాంలే."

వెనకగోడకి గుమ్మం లేచింది. నడుమ భట్టీ వెలిసింది. వారానికోసారి నీలం కలిపారు. ఊరు ఆ ఆసుపత్రివాళ్ళకి నీలిమూక అని పేరు పెట్టి వెక్కిరించింది. మొదటి నెల అందరూ చచ్చారు. రెండో నెల సగంమంది చచ్చారు. మూడో నెల ఆచార్యులొక్కరే చచ్చారు, ముక్కు గోక్కుని.

నాలుగో నెలలో ఓడ దిగిన కళాసీ ఒకడు రేవులో కుప్పకూలాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. దివాను మనుషులు బండెడు ముళ్ళకంప తోలుకొచ్చి గుమ్మానికి అడ్డం పడేశారు. నూకాలు ఆ కంపని ఈడ్చుకెళ్ళి భట్టీ కింద తోసింది. "దండం బాబూ, పుల్లలు చాలక చస్తన్నాను. ఇంకో బండి తోలించండి!"

ఆ మంటమీదే నీళ్ళు కాగాయి. కళాసీని ముందుగుమ్మంలోంచి లోపలికి తెచ్చారు. వాడి వెనక ఇంకొకడు. వాడి వెనక పదిమంది. సేవ చేసినవాళ్ళు భట్టీ దగ్గర విప్పారు, పక్కవాళ్ళు చూశారు, కడుక్కుని వెనకగుమ్మంలోంచి బయటపడ్డారు.

తొమ్మిదోనాడు దివాను తమ్ముడే జ్వరపడి ఆసుపత్రిలో చేరాడు. దివాను పరుగున వచ్చాడు. "తొలగవే, నా తమ్ముణ్ణి చూడాలి."

"ముందు నీలం."

"నేనెవరో తెలుసా?"

"తెలుసు. మీసం మీంచి చెయ్యి తియ్యలేనివాడివి."

దివాను నీలం పరీక్షకి నిలబడ్డాడు. ఒకసారి చచ్చాడు, రెండోసారి చచ్చాడు, మూడోసారీ చచ్చాడు. తమ్ముణ్ణి కిటికీలోంచి చూసి, ఏడ్చుకుంటూ ఇంటికెళ్ళాడు. మర్నాడు మాట లేకుండా ఇంకో బండి పుల్లలు పంపాడు.

నలభై రోజులకి జ్వరం దిగిపోయింది. రోగుల్లో కొందరు పోయారు, కొందరు బతికారు. దివాను తమ్ముడు బతికాడు. రోగుల్ని ముట్టుకున్నవాళ్ళలో మాత్రం ఒక్కరూ పోలేదు. చాకలిపేటలో ఒక్క పొయ్యీ ఆరలేదు.

ఇలాంటి కథలో నూకాలు ఆ జ్వరానికే బలైపోవాలి కదా అని చూస్తున్నారేమో. పోలేదు. పళ్ళూడేదాకా బతికింది, అందర్నీ తిడుతూ బతికింది. పోయేముందు ఊరిపెద్దలు వచ్చి, "అమ్మా, నీకు గుడి కడతాం, ఏటా జాతర చేస్తాం," అన్నారు.

"గుడి కట్టి దండం పెట్టి ఇంటికిపోతారు. చేతులు కడుక్కోరు," అంది నూకాలు. "నా పేరుమీద కోడిని కోశారంటే తిరిగొచ్చి తంతాను. నీలం కలపండి."

అందుకే ఆ ఊళ్ళో నూకాలుకి గుడి లేదు. ఆసుపత్రికి మాత్రం రెండు గుమ్మాలున్నాయి. ఏ జబ్బూ లేకపోయినా సరే, నెలకోనాడు నీలం కలుపుతారు. ఒంటిమీద చుక్క మిగిలినవాళ్ళు ఎంతటి డాక్టరైనా వాకిట్లో నిలబడి "నేను చచ్చాను" అని పైకి అరవాలి. "ఇవాళ చచ్చావు, రేపు బతుకుతావు, మళ్ళీ చెయ్యి," అంటారు మిగతావాళ్ళు. కొత్తగా వచ్చిన డాక్టర్లు మొదట మూతి ముడుస్తారు. అప్పుడు ఊడ్చే మనిషి చీపురు పక్కనపెట్టి, "ఆగు," అంటుంది.

డాక్టరు ఆగుతాడు.