గొంతులో బాణం

రత్నగుట్ట రాజు సోమదేవుడికి ఆ ఏడు వానాకాలంలో కొత్త పిచ్చి పట్టుకుంది. దాని పేరు కథాయుద్ధం. రాజు కథ నడుపుతాడు. సభికులు తలో వీరుడై, ఆ వీరుడేం చేస్తాడో నోటితో చెబుతారు. ఎవరి దెబ్బ ఎవరికి తగిలిందో పాచికలు తేలుస్తాయి. ఒక్కో వీరుడి ప్రాణానికి నూరు చింతగింజలు. దెబ్బకి కొన్ని చొప్పున పోతాయి. అన్నీ పోతే చావు.

ఈ ఆటకి చీడలా దాపురించాడు దండనాయకుడు గండభైరవుడు. అతగాడి వీరుడు కొండమీంచి పడ్డాడు, ఏనుగు కాళ్ళకింద నలిగాడు, అయినా మీసం దువ్వుకుంటూ లేచాడు.

"ఇంకా బోలెడు గింజలున్నాయి ప్రభూ!" అని గలగలలాడించేవాడు. అసలు మనిషేమో ముల్లు గుచ్చుకుంటే మంచం దిగడు!

రాజుకి విసుగెత్తింది. "ఇది యుద్ధమా, అష్టాచెమ్మా? గింజలు లేకుండా గాయమూ చావూ తేల్చే దారి చెప్పండి."

సభలో పొడుపుకథలు వేసే మాచమ లేచింది. "నేను చెబుతాను ప్రభూ."

"పొడుపుకథలదానివి, నీకు యుద్ధం సంగతేం తెలుసు?" అని ఈసడించాడు గండభైరవుడు. "నా వీరుణ్ణి కదలకుండా చెయ్యి చూద్దాం. లేదా కొలువు వదిలి పో!"

మాచమ ఇల్లు గడిచేది ఆ కొలువుతోనే. అయినా సరేనంది.

"దెబ్బ ఎక్కడ తగిలిందో మీరే చెప్పండి దొరా. గాయం మానేదాకా ఆ అంగం పనిచెయ్యదు. ఇక చావంటారా, మీరు ఒప్పుకుంటేనే."

"నేనొప్పుకుంటేనా? అయితే నాకు చావే లేదు!"

పాచికలు పడ్డాయి. శత్రువు బాణం తగిలింది. గండభైరవుడు ఆలోచించాడు. చెయ్యంటే కత్తి పట్టలేడు. కాలంటే గుర్రమెక్కలేడు.

"గొంతులో!" అని అరిచాడు. "బాణం గొంతులో దిగింది. అయినా నా వీరుడు చలించలేదు. కత్తి దూసి..."

"ఆగండి దొరా," అంది మాచమ. "గొంతులో బాణం దిగినవాడు మాట్లాడుతున్నాడేమిటి?"

"గొంతు పోయింది వీరుడికి, నాక్కాదు!"

"ఈ ఆటలో ఆయన నోరు మీదే కదా. మీరు చెప్పందే ఆయన కత్తి కదలదు. ఆయన బతికున్నంతసేపూ మీకూ గొంతు లేనట్టే; ఈసారి నోరు విప్పారా, చచ్చానని ఒప్పుకున్నట్టే."

గండభైరవుడు నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరవబోయి ఆగిపోయాడు.

రాజు నవ్వాపుకుంటూ అడిగాడు. "మరిప్పుడు మా దండనాయకుడు ఏం చెయ్యాలి?"

"బతికుండాలంటే చచ్చినట్టు నోరు మూసుకోవాలి ప్రభూ!"

సభంతా గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వి, తన మెడలో హారం తీసి మాచమ చేతిలో పెట్టాడు. గండభైరవుడు చేతులూపుతూ ఏదో సైగ చేస్తూనే ఉన్నాడు. అతనికేసి చూసినవాడు లేడు.