కండక్టరు గారి జ్వరం

వేదాద్రయ్య గారి దగ్గర వైద్యం నేర్చుకోవడంలో ఒక చిక్కుంది. ప్రశ్న అడిగితే ఆయన చెప్పులు వెతుక్కుంటారు. జవాబు ఎవరింట్లోనో ఉంటుంది, అక్కడిదాకా నడవాలి.

"డెలీరియం అంటే మన సంధి ప్రేలాపనేనా గురువు గారూ?" అని ఒకనాడు శిష్యుడు సుదర్శనం అడిగాడు. ఆటలో గెలిచి గంతులేసేవాళ్ళక్కూడా జనం ఆ మాటే వాడేస్తున్నారని అతని చిరాకు.

"అదే. లాటిన్ రైతుల మాటే. నాగలి సాలు తప్పి పక్కకు పోవడం. ఒళ్ళు తెలియని జ్వరానికీ, ఒళ్ళు తెలియని సంతోషానికీ ఒకటే పేరు పెట్టారు."

"అయితే లాక్కొచ్చి మళ్ళీ సాల్లో పెట్టడమే వైద్యం, అంతేగా?"

గురువు చెప్పులు దొరికాయి.

వెళ్ళింది రంగనాయకులు ఇంటికి. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఒళ్ళు తెలియని జ్వరం. మందు పడింది గానీ, పొద్దుటినుంచి గుక్కెడు నీళ్ళు లోపలికి పోలేదు. ఇలాగే ఉంటే ప్రాణం మీదికి వస్తుందని గురువు ముందే చెప్పారు. భార్య శేషారత్నం బార్లీ నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన మంచం మీద కూర్చుని, "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అంటున్నాడు. గ్లాసు చాపితే, "డ్యూటీలో ఉన్నానమ్మా. ఇంతకీ ఎవరు మీరు?" అన్నాడు. జ్వరం కన్నా ఆ మాటే ఆవిణ్ణి ఎక్కువ కుంగదీసింది.

సుదర్శనం మంచి మనసుతోనే మంచం మీద కూర్చుని, "బాబాయ్ గారూ, మీరు రిటైరయ్యారు. ఇది మీ ఇల్లు. ఇది మంచం" అని నచ్చజెప్పాడు.

"టికెట్టు తీయకపోగా కబుర్లొకటా? దిగు" అన్నాడు రంగనాయకులు. సుదర్శనం దిగాడు.

"మీరెప్పుడైనా ఆయన బస్సు ఎక్కారా అమ్మా?" అని గురువు మెల్లగా అడిగారు.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మంచం దగ్గరికెళ్ళి, "పాలకొల్లుకి ఒక టికెట్టివ్వండి" అంది. ఆయన ఉత్త చేతిలోంచే టికెట్టు చింపి ఇచ్చాడు. "ఆడకూతురు నిలబడింది, కాస్త సర్దుకోండయ్యా" అంటూ తనే జరిగి చోటిచ్చాడు. ఎవరో తెలియకపోయినా చోటిచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన కొంతసేపు అలాగే ప్రయాణం చేశారు.

"టీ హోటలొచ్చింది కండక్టరు గారూ. మీరు తాగితేగానీ డ్రైవరు గారు ముట్టనంటున్నారు" అంటూ ఆవిడ గ్లాసు చాపింది.

"హోల్డాన్" అని బస్సు ఆపించాడాయన. గ్లాసు అందుకుని అడుగంటా తాగాడు. తర్వాత ఇంకో గ్లాసు. సాయంత్రానికి జ్వరం దిగి, "శేషూ, ఈ దుప్పటి తియ్యి" అన్నాడు. ఆ పిలుపు వినగానే ఆవిడ బావురుమంది.

తిరుగుదారిలో సుదర్శనానికి ఇంకా సందేహమే. "ఎంతైనా ఆవిడ ఆడింది అబద్ధమే కదండీ?"

"ఆయన ఒక్కడే పోతున్నాడు నాయనా. ఆవిడ వెంట ఎక్కింది. నువ్వూ నేనూ రోడ్డు మీద నిలబడి, అది బస్సు కాదు, మంచమంటున్నాం" అన్నారు వేదాద్రయ్య గారు.