లక్షా మూడు చింతగింజలు

ఒకానొక రాజ్యంలో, అంటే ఏటికి అవతల దాని పేరైనా తెలియనంత చిన్న రాజ్యంలో, భువనమల్లుడనే రాజు ఉండేవాడు. రాజ్యం చిన్నదే గానీ ఆయన గొప్పలకి అంతులేదు. ఏటా పట్టాభిషేకం జరిగిన రోజున ప్రతి ఇంటివాళ్లూ మనిషికొక చింతగింజ చొప్పున తెచ్చి కోట ముంగిట రాశిపోయాలి. రాజుగారి గింజ కూడా అందులోనే. ఆ రాశిని లెక్కపెట్టించి, తన జనం ఇంతమంది అని ఆయన మురిసిపోయేవాడు.

ఆ ఏడాది గింజలు లక్షా మూడు తేలాయి. ఆస్థాన గణకుడు వామదేవ శాస్త్రి మొహం చిట్లించాడు.

"ప్రభూ, ఇది గొడ్డు సంఖ్య. రెంటికీ లొంగదు, మూటికీ లొంగదు, ఏడింటికీ లొంగదు. ఒకటీ, తనూ తప్ప దీన్ని సమంగా భాగించేది లేదు. సింహాసనానికి కీడు. ఒకరిని తగ్గిస్తే చక్కబడుతుంది."

"ఎవరిని?" అన్నాడు రాజు.

"చివర వచ్చినవారిని. పడవ నడిపే గంగులుకి ఈ ఉదయమే ఆడపిల్ల పుట్టింది. దాన్ని ఏరు దాటించి ఎవరికైనా ఇచ్చేస్తే సరి."

రాజు తలూపాడు. భాగహారానికీ కీడుకీ సంబంధమేమిటని అడిగే దిక్కు లేదు. కూతురి గింజ వేసి పక్కనే నిలబడ్డ గంగులు రెండు చేతులూ జోడించాడు.

తన గింజ పట్టుకుని ఆలస్యంగా అప్పుడే వచ్చి ఈ మాటలు విన్న విదూషకుడు ముమ్మనకి ఒళ్లు మండిపోయింది. నవ్వించి బతికేవాడే అయినా ఆ పూట అతనికి నవ్వు రాలేదు. ఇంకా కళ్లైనా సరిగా తెరవని పసిగుడ్డు మీదికా ఇంతమంది పెద్దల ప్రతాపం అనుకున్నాడు. గింజని పిడికిట్లో బిగించి ముందుకొచ్చాడు.

"శాస్త్రులవారూ, పిల్లని పంపాలంటే ముందు దాని గింజ తియ్యాలి కదా. ఏదో చూపించండి."

శాస్త్రి విసుగ్గా రాశిలోంచి ఒక గింజ తీశాడు.

"ఇది రాజుగారిది కాదని మీకెలా తెలుసు?"

శాస్త్రి దాన్ని చటుక్కున వదిలేసి ఇంకోటి తీశాడు.

"ఇది మీది కాదని ఎలా తెలుసు? మీరొక్కరు ఏరు దాటినా లెక్క అంతే చక్కబడుతుంది. పసిపిల్లెవరో పండితుడెవరో సంఖ్యకి తెలియదండీ. మీకు తెలియాలి, సిగ్గుండాలి. గంగులు ఇక్కడే ఉన్నాడు, పడవ సిద్ధం చేయించమంటారా?"

శాస్త్రి ఆ గింజనీ రాశిలో పడేసి రాజువైపు తిరిగాడు. "ప్రభూ, ఇంకోలా చూస్తే ఇది మహోత్తమ సంఖ్య. ఎవరికీ లొంగదు, ఎవరూ ముక్కలు చెయ్యలేరు. అచ్చం ఏలినవారి రాజ్యంలాగే" అన్నాడు గబగబా.

రాజు పగలబడి నవ్వాడు. "ఇందాక గొడ్డు, ఇప్పుడు ఉత్తమం. మారింది గింజలు కాదు, శాస్త్రిగారే. ఇకమీదట లెక్క కుదరలేదని ఎవరినీ పంపేది లేదు. ముమ్మనా, ఏం కావాలో కోరుకో."

ముమ్మన పిడికిలి విప్పాడు. "ముందు నా గింజ వేయనివ్వండి ప్రభూ. ఇంకా వెయ్యలేదు."

లెక్క లక్షా నాలుగయింది. రెండు సమభాగాలుగా ఇట్టే విడిపోయే సంఖ్య.

"ఈ ముక్క ముందే చెప్పలేదేం?" అన్నాడు రాజు.

"చెబితే ఈ పిల్ల ఒక్కతే గట్టెక్కేది. వచ్చే ఏడు ఇంకెవరి పిల్లనో పట్టుకునేవారు."

ఈసారి రాజు నవ్వడానికి కాస్త సమయం పట్టింది. నవ్వాక తన చేతి కంకణం తీసి ముమ్మనకి తొడిగాడు. సాయంత్రానికి అది గంగులు ఇంట్లో ఉయ్యాలకి వేలాడుతోంది.